మ్యాక్ మినీలో పాత విండోస్ పనులు: ఎమ్యులేషన్ చాలునా, పక్కన ఇంకో పెట్టె కావాలా?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను, ఎందుకంటే అందులోని వివరాలను బట్టే జవాబు మారుతుంది. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో మీకు ప్రెస్సు ఉంది. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు భాషల్లో శుభలేఖలు, కరపత్రాలు, అప్పుడప్పుడు చిన్న పుస్తకాలు వేస్తారు. పాత విండోస్ 7 యంత్రంలో తెలుగుకు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, టైపింగుకు, ఫాంట్లకు అను స్క్రిప్ట్ మేనేజర్ వాడుతున్నారు. ఉర్దూకు యూఎస్‌బీ డాంగిల్ (లైసెన్సు ఉందని రుజువు చూపే చిన్న పరికరం) పెడితేనే తెరుచుకునే పాత ఇన్‌పేజ్, లెక్కలకు ట్యాలీ ఉన్నాయి. బిల్లులకు ఎవరో ఎప్పుడో ఫాక్స్‌ప్రోలో రాసిచ్చిన డాస్ ప్రోగ్రాం, దానికి టీవీఎస్ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, టెండర్లు వేయడానికి డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్ ఉన్నాయి. ఇప్పుడు ఎం4 చిప్పు, 16 జీబీ మెమరీ, 256 జీబీ నిల్వ ఉన్న మ్యాక్ మినీ కొన్నారు. పాత యంత్రం నేడో రేపో మూలన పడేలా ఉంది. ఆ పనులన్నీ మ్యాక్‌లోనే ఏదైనా ఎమ్యులేషన్ (ఒక రకం కంప్యూటర్‌ను మరోదానిలో అనుకరించే) సాఫ్ట్‌వేర్‌తో నడిపించుకోవచ్చా, లేక విడిగా హార్డ్‌వేర్ కొనాలా అన్నది మీ సందేహం.

మీ విషయంలో ఎమ్యులేషన్ ఒక్కదానితో గడవదు. డాస్ బిల్లింగు మ్యాక్‌లోనే హాయిగా నడుస్తుంది, పేజ్‌మేకర్ కొంత సర్దుబాటుతో నడుస్తుంది, ట్యాలీకీ పెద్ద అడ్డంకి లేదు. ఇబ్బందల్లా డాంగిల్‌తోనూ, టోకెన్‌తోనూ వస్తుంది. ఆ రెండింటి కోసం ఎలాగూ ఒక చిన్న ఇంటెల్ యంత్రం పెట్టుకోక తప్పదు, అది వచ్చాక మిగతావాటి కోసం మ్యాక్‌లో విండోస్ నడిపే ప్యారలల్స్ వంటి సాఫ్ట్‌వేర్‌కు ఏటా చందా కట్టడం దండగ. డాంగిల్, టోకెన్ లేకపోయి ఉంటే మాత్రం నేను సరిగ్గా దీనికి వ్యతిరేకంగా, ఏ పెట్టే కొనవద్దని చెప్పి ఉండేవాణ్ణి. అందుకే కారణాలను కాస్త వివరంగా రాస్తున్నాను; ఇలాంటి అవస్థలోనే ఉన్న మరొకరికి అవి వారి లెక్కన పనికొస్తాయి.

ఈ ఎంపిక గురించి అడిగేవారిలో చాలామంది మొదట వేగం సంగతే అడుగుతారు. ఒకప్పుడు అది న్యాయమైన ప్రశ్న. 1980లో మైక్రోసాఫ్ట్ సంస్థ యాపిల్ 2 కంప్యూటర్ కోసం జడ్-80 ప్రాసెసర్ బిగించిన ఒక కార్డును అమ్మింది. దాన్ని స్లాటులో గుచ్చితే ఆ రోజుల్లో వ్యాపార ప్రోగ్రాంలు ఎక్కువగా ఉన్న సీపీ/ఎం వ్యవస్థ యాపిల్‌లో నడిచేది. 1994లో యాపిల్ తానే క్వాడ్రా 610 యంత్రంలో 25 మెగాహెర్ట్జ్ 486ఎస్‌ఎక్స్ ప్రాసెసర్ ఉన్న కార్డు పెట్టి, డాస్ నడిచే మ్యాక్‌గా అమ్మింది. సాఫ్ట్‌పీసీ వంటి ఎమ్యులేటర్లు అప్పటికే ఉన్నా, ఇంటెల్ ప్రాసెసర్ చేసే ఒక్కొక్క పనికి మ్యాక్ ప్రాసెసర్ అనేక ఆదేశాలు ఖర్చుపెట్టాల్సి రావడం వల్ల నత్తనడక నడిచేవి. అయితే కార్డుకు ఒక దోషం ఉండేది: కొన్న రోజు దాని వేగమెంతో చివరిదాకా అంతే, కానీ ఎమ్యులేటర్ మాత్రం యజమాని కొత్త మ్యాక్ కొన్నప్పుడల్లా వేగం పుంజుకునేది. 1997లో కనెక్టిక్స్ సంస్థ వర్చువల్ పీసీని తెచ్చాక, ఆఫీసు పనులు మాత్రమే చేసుకునేవారికి కార్డు అవసరం క్రమంగా తగ్గిపోయింది.

తర్వాత 2006లో యాపిల్ తన కంప్యూటర్లలో ఇంటెల్ ప్రాసెసర్లే పెట్టడంతో ఈ తర్జనభర్జనే లేకుండా పోయింది. అనువదించాల్సిన పనే లేదు కనుక విండోస్ నేరుగా గానీ, ప్యారలల్స్ వంటిది కల్పించే వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపలి కంప్యూటర్‌లో) గానీ దాదాపు పూర్తి వేగంతో నడిచేది. డాంగిళ్లు, టోకెన్లు, పాత డ్రైవర్లు అన్నీ పనిచేసేవి. 2020 నవంబరులో, ఇంటెల్‌కు భిన్నమైన ఆర్మ్ రకానికి చెందిన యాపిల్ సొంత ఎం1 చిప్పుతో మ్యాక్‌లు రావడంతో ఆ సుఖం పోయింది. మ్యాక్‌లో విండోస్ గురించి ఇంటర్నెట్‌లో కనిపించే సలహాల్లో, షాపుల్లో చెప్పే మాటల్లో సగం ఇప్పటికీ ఆ పద్నాలుగేళ్ల కాలానివే. మీకు ఎవరో చెప్పారన్న "బూట్ క్యాంప్ వేసుకుంటే సరి" అనే సలహా కూడా అలాంటిదే. ఎం శ్రేణి చిప్పులున్న మ్యాక్‌లలో బూట్ క్యాంప్ (మ్యాక్‌లో విండోస్‌ను నేరుగా ఎక్కించే యాపిల్ ఉపకరణం) లేదు.

ఇప్పుడు మీ ఎం4 మీద విండోస్ ప్రోగ్రాం నడపడానికి మూడు దారులున్నాయి. మొదటిది అసలు సిసలు ఎమ్యులేషన్: యూటీఎం అనే ఉచిత సాఫ్ట్‌వేర్ లోపల ఉన్న క్యూఈఎంయూ, ఇంటెల్ ప్రాసెసర్‌తో సహా మొత్తం కంప్యూటర్‌ను సాఫ్ట్‌వేర్‌లోనే కల్పిస్తుంది. అందులో పాత విండోస్ ఎక్స్‌పీని, 7ను కూడా ఎక్కించవచ్చు, కానీ రోజంతా కూర్చుని పేజీలు పెట్టే పనికి ఆ వేగం సరిపోదు. ఓ పాత ఫైలు తెరిచి చూసుకోవడానికైతే ఫరవాలేదు. రెండోది వర్చువలైజేషన్: ప్యారలల్స్ లేదా వీఎంవేర్ ఫ్యూజన్‌లో ఆర్మ్ ప్రాసెసర్ కోసం తయారైన విండోస్ 11ను ఎక్కిస్తారు. ప్యారలల్స్‌లో దాన్ని నడపడానికి మైక్రోసాఫ్ట్ 2023 ఫిబ్రవరిలో అధికారికంగా అనుమతి ఇచ్చింది; ఫ్యూజన్ 2024 నవంబరు నుంచి వ్యాపార అవసరాలకు కూడా ఉచితం, కాకపోతే విండోస్ లైసెన్సు మాత్రం విడిగా కొనుక్కోవాలి. ఈ పద్ధతిలో విండోస్ పూర్తి వేగంతో నడుస్తుంది, దాని లోపల ఇంటెల్ కోసం రాసిన ప్రోగ్రాంలను విండోసే అనువదించుకుంటుంది. మూడోది వైన్, దాని ఆధారంగా అమ్మే క్రాస్ఓవర్. ఇవి విండోస్ లేకుండానే విండోస్ ప్రోగ్రాంలను నడుపుతాయి. వీటికి ఇంటెల్ ప్రోగ్రాంలను ఎం చిప్పుకు అనువదించే, మ్యాక్‌లోని రోజెటా 2 కావాలి. మ్యాక్‌ఓఎస్ 27 వరకే రోజెటాను పూర్తిస్థాయిలో ఉంచుతామని యాపిల్ 2025లో ప్రకటించింది కనుక, పదేళ్లు నడవాల్సిన ప్రెస్సు పనిని దాని మీద కట్టుకోమని నేను చెప్పను. రెండో దారికి ఈ గడువుతో సంబంధం లేదు, అక్కడ అనువాదం చేసేది విండోస్ గనుక.

కాబట్టి నిజంగా పరిశీలించాల్సింది రెండో దారినే. దాని వేగం మీ పనికి సరిపోతుంది; 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7ను నడపడం నేటి చిప్పుకు లెక్కలోది కాదు. ఆలోచించాల్సిన సంగతి వేరే ఉంది. విండోస్ చేసే అనువాదం ప్రోగ్రాంల వరకే, డ్రైవర్లకు వర్తించదు. అంటే, ఫైలు తెరవడం, తెర మీద గీయడం, కీబోర్డు చదవడం వంటి పనులను విండోస్‌ను అడిగి చేయించుకునే ప్రోగ్రాం ఎంత పాతదైనా అనువాదంలో నడుస్తుంది. కానీ విండోస్ కెర్నల్‌లో (దాని గుండెకాయ లాంటి భాగంలో) కూర్చుని పరికరంతో నేరుగా మాట్లాడే డ్రైవరు మాత్రం ఆర్మ్ కోసమే తయారై ఉండాలి. పరికరం తయారీదారు అలాంటి డ్రైవరు ఇవ్వకపోతే మ్యాక్ ఎంత వేగంగా ఉన్నా, ప్యారలల్స్‌కు ఎంత డబ్బు కట్టినా ఆ పరికరం పలకదు. అందుచేత ప్రతి ప్రోగ్రాం విషయంలోనూ నేను మొదట చూసేది అది దేన్ని ముట్టుకుంటుందని. ఫైళ్లను, తెరను మాత్రమే ముట్టుకునేదైతే సాఫ్ట్‌వేర్ చాలు. సొంత డ్రైవరుతో ఒక వస్తువును ముట్టుకునేదైతే, ఆ డ్రైవరు ఏ ప్రాసెసర్ కోసం పుట్టిందో ఆ ప్రాసెసర్ నిజంగా ఉండాలి.

ఈ లెక్కన పేజ్‌మేకర్ మొదటి కోవకు చెందినట్టే కనిపిస్తుంది గానీ, దానిలో రెండు మెలికలున్నాయి. ఒకటి ప్రింటర్. పేజ్‌మేకర్ తన వరుసలను ఒక ప్రింటర్‌ను దృష్టిలో పెట్టుకుని అమరుస్తుంది. డాక్యుమెంట్ సెటప్ తెరిస్తే అడుగున "కంపోజ్ టు ప్రింటర్" అని ఒక గడి కనిపించేది అందుకే. పాత ఫైలును కొత్త చోట తెరిచినప్పుడు ఆ పేరుగల ప్రింటర్ లేకపోతే వేరే ప్రింటర్‌కు తగ్గట్టు పేజీని తిరిగి అమర్చాల్సి వస్తుంది, అప్పుడు వరుసలు ఒక మాట అటూ ఇటూ జరగవచ్చు. శుభలేఖలో అది కంటికి కనిపిస్తుంది, వెంటనే దిద్దుకుంటారు. నూట ఇరవై పేజీల పుస్తకం పునర్ముద్రణలో మాత్రం, ఒక పేరాలో చివరి మాట కింది పేజీకి దిగి, ఆ తర్వాతి పేజీలన్నీ కదిలాక గానీ తెలియదు. అందువల్ల వర్చువల్ మెషీన్‌లో పేజ్‌మేకర్ తెరుచుకోవడమే విజయమనుకోకండి. పాత పుస్తకం ఫైలు ఒకటి తీసుకుని, పాత యంత్రంలో వాడిన పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్‌నే కొత్త చోటా ఎక్కించి, పీడీఎఫ్ చేసి, అచ్చయిన ప్రతిని పక్కన పెట్టుకుని ప్రతి పేజీ చివరి వరుసనూ పోల్చి చూడండి.

రెండో మెలిక తెలుగు టైపింగు. అను వంటి పాత ఫాంట్ల ప్యాకేజీలు యూనికోడ్ (ప్రతి అక్షరానికీ అన్ని చోట్లా ఒకే సంకేతం ఉండే) పద్ధతివి కావు. మీరు నొక్కే కీని మధ్యలో పట్టుకుని, ఫాంటులో తగిన గుర్తు ఉన్న స్థానానికి మార్చి ప్రోగ్రాంకు అందించే సాఫ్ట్‌వేర్ వెనకాల పనిచేస్తూ ఉంటుంది. ఇలా కీలను పట్టుకునే పద్ధతులు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. వాటిలో తన డీఎల్ఎల్‌ను (ప్రోగ్రాంలు వాడుకునే కోడు ఫైలును) ఇతర ప్రోగ్రాంల లోపలికి చొప్పించేది ఒకటి. ఆ పద్ధతిలో ఇంటెల్ 32 బిట్ డీఎల్ఎల్ మరో ఇంటెల్ 32 బిట్ ప్రోగ్రాంలోకే వెళ్లగలదు. పేజ్‌మేకర్ కూడా 32 బిట్‌దే కనుక అందులో తెలుగు పడుతుంది, అదే ఆర్మ్ విండోస్‌లో సహజంగా నడిచే మరో ప్రోగ్రాంలో ఒక్క అక్షరమూ పడకపోవచ్చు. అప్పుడు ఆపరేటర్ ఫాంటు పాడైందని మళ్లీ మళ్లీ ఎక్కించి ఒక పూట పోగొట్టుకుంటాడు. ఫాంటులో దోషమేమీ ఉండదు. కీబోర్డు సంగతి కూడా చూసుకోవాలి. యాపిల్ కీబోర్డులో స్క్రోల్ లాక్ లేదు, కంట్రోల్, కమాండ్ కీల స్థానాలు వేరు. యాపిల్, మాడ్యులర్ అనే పేర్లున్న తెలుగు టైపింగు లేఅవుట్లలో చూడకుండా కొట్టే చేతులకు మ్యాక్ కీబోర్డు ఇవ్వడం కంటే, వారి పాత టీవీఎస్ గోల్డ్‌నే తగిలించడం మేలు.

ఇక్కడే ఒక పక్కమాట. పాత పేజ్‌మేకర్ ఫైళ్లను అడోబ్ వారి పేజీల కూర్పు సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లోకి మార్చుకునే ఆలోచన ఉంటే, ఆ సౌకర్యం సీఎస్6 వరకే ఉంది; ఆ తర్వాతి క్రియేటివ్ క్లౌడ్ వెర్షన్లు పేజ్‌మేకర్ ఫైళ్లను తెరవవు. కొత్త పుస్తకాలు యూనికోడ్‌లో, మ్యాక్‌లోని ఇన్‌డిజైన్‌లో మొదలుపెట్టండి, పాతవాటికే పేజ్‌మేకర్‌ను ఉంచండి. ఇలా చేస్తే ఎమ్యులేటర్ మీద గానీ, పక్కపెట్టె మీద గానీ పడే భారం ఏటికేడు తగ్గుతుంది.

ఇక ఇన్‌పేజ్. ప్రోగ్రాం వరకు అది కూడా అనువాదంలో నడవగలదు, కానీ తెరుచుకునే ముందు డాంగిల్ ఉందో లేదో చూస్తుంది. ఆ చూడటం జరిగేది డ్రైవరు ద్వారా. మ్యాక్ మినీ ఎం4కు వెనకా ముందూ ఉన్న యూఎస్‌బీ పోర్టులన్నీ టైప్-సివే కనుక మార్పిడి ముక్క పెట్టి డాంగిల్‌ను గుచ్చుతారు, ప్యారలల్స్ దాన్ని లోపలి విండోస్‌కు అప్పగిస్తుంది, డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో పేరు తెలియని పరికరం ఒకటి కనిపిస్తుంది, కథ అక్కడే ఆగిపోతుంది. పాత డ్రైవరును బలవంతంగా ఎక్కించినా ప్రయోజనం ఉండదు. డాంగిల్ తయారీదారు ఆర్మ్ 64 డ్రైవరు ఇస్తున్నాడేమో ఒకసారి చూడండి. ఉంటే మీ అదృష్టం, కానీ పదిహేనేళ్ల నాటి డాంగిల్‌కు అలాంటిది ఉంటుందని ఆశ పెట్టుకోకండి. "డాంగిల్ లేకుండానే నడిపిస్తాం" అనేవారు బజారులో దొరుకుతారు. వారు ఎక్కించే ఫైలులో ఇంకేముందో మీకు తెలియదు, డబ్బు పెట్టి కొన్న లైసెన్సును మీ చేతులతో మీరే దొంగసరుకు చేసుకున్నట్టవుతుంది. ట్యాలీ లెక్కలున్న యంత్రంలోకి అలాంటిదాన్ని రానివ్వకండి.

డిజిటల్ సంతకం టోకెన్‌ది మరో రకం తలనొప్పి. టోకెన్ కంపెనీలు కొన్ని మ్యాక్‌కు కూడా సాఫ్ట్‌వేర్ ఇస్తాయి, కానీ టోకెన్ కనిపించినంత మాత్రాన సరిపోదు. ప్రభుత్వ సైటు, దాని సంతకపు ఉపకరణం, బ్రౌజరు, టోకెన్ సాఫ్ట్‌వేర్ నాలుగూ ఒకదాన్నొకటి ఒప్పుకోవాలి. టెండరు గడువు సాయంత్రం అయిదింటికి అనుకుంటే, మూడింటికి ఈ నాలుగింటికీ రాజీ కుదర్చడం ఎవరికీ మంచిది కాదు. ఇలాంటి పనికి మామూలు ఇంటెల్ విండోస్ యంత్రమే క్షేమం. జీఎస్టీ రిటర్నుల వరకైతే, మీది సొంత యాజమాన్యం గానీ, మామూలు భాగస్వామ్యం గానీ అయితే ఫోనుకు వచ్చే ఓటీపీతో ఈవీసీ (ఎలక్ట్రానిక్ ధృవీకరణ) పద్ధతిలో దాఖలు చేయవచ్చు, టోకెన్ అక్కర్లేదు. అది మ్యాక్ బ్రౌజరులోనే అయిపోతుంది.

ట్యాలీ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. దానికి మ్యాక్ వెర్షన్ లేదు. లైసెన్సు యంత్రానికి ముడిపడి ఉంటుంది కనుక, పాతదానిలో సరెండర్ చేసి కొత్తదానిలో యాక్టివేట్ చేసుకోవాలి.

డాస్ బిల్లింగు విషయంలో కొత్త హార్డ్‌వేర్ కంటే ఎమ్యులేషనే నయం. 64 బిట్ విండోస్‌లో డాస్ నాటి 16 బిట్ ప్రోగ్రాంలు నడవవు, విండోస్ 11కు 32 బిట్ రూపమే లేదు. అంటే కొత్త విండోస్ పీసీ కొన్నా మీ ఫాక్స్‌ప్రో ప్రోగ్రాం దానిలో నేరుగా నడిచే ఆశ తక్కువ. డాస్‌బాక్స్-ఎక్స్ అనే ఉచిత ఎమ్యులేటర్ మ్యాక్‌లో, ఎం చిప్పు మీద సహజంగానే నడుస్తుంది. ప్రాసెసర్‌ను ఎంత వేగంతో అనుకరించాలో మీరే నిర్ణయించవచ్చు. కంప్యూటర్ వేగాన్ని లూపుతో కొలిచే ఆ కాలపు ప్రోగ్రాంలు కొన్ని నేటి యంత్రాల మీద సున్నాతో భాగహారమంటూ ఆగిపోతాయి, వేగం తగ్గిస్తే నోరు మూసుకుని పనిచేస్తాయి. ప్యారలల్ పోర్టుకు పంపిన బిల్లును ఫైలుగా రాయించి డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కు యథాతథంగా పంపే వీలుంది. ఒక్క జాగ్రత్త పాటించండి: ఫాక్స్‌ప్రో డేటా ఉండే డీబీఎఫ్ ఫైళ్లు ఉన్న ఫోల్డరును ఒకేసారి రెండు చోట్ల నుంచి తెరవవద్దు, రోజు ముగిశాక దాని నకలు తీసుకోండి.

ఇక పెట్టె సంగతి. నేనైతే కొత్తది కొనను. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) దగ్గర, ఆఫీసులు వదిలించుకున్న డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ వంటి చిన్న యంత్రాలు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. మానిటరు వెనక బిగించుకునేంత చిన్నవి. కొనేటప్పుడు ప్రాసెసర్ పేరును డబ్బా మీది స్టిక్కరులో కాక, యంత్రం ఆన్ చేయించి తెర మీద చదవండి. ఎనిమిదో తరం లేదా ఆపై ఇంటెల్ అయితేనే విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఉంటుంది. విండోస్ 10 మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, ట్యాలీ, టోకెన్ రెండూ ఇంటర్నెట్ మీద ఆధారపడేవి కనుక ఇక్కడ రాజీ పడకూడదు. ఆరో, ఏడో తరం యంత్రాలు చవకగా ఇస్తామంటారు, వద్దు. 16 జీబీ మెమరీ, ఎస్ఎస్‌డీ, విండోస్ 11 ప్రో ఉండేలా చూసుకోండి.

ఆ పెట్టెలో విండోస్ 11 మీద ట్యాలీ, టోకెన్ నేరుగా ఉంటాయి. పాత ఇన్‌పేజ్, పేజ్‌మేకర్, అనులను మాత్రం మళ్లీ మొదటినుంచి ఎక్కించే ప్రయాస పెట్టుకోకండి. మీ పాత విండోస్ 7ను ఉన్నదున్నట్టుగా, ఫాంట్లు, ప్రింటర్ల అమరికతో సహా, ఆ పెట్టెలోకి వర్చువల్ మెషీన్‌గా దించవచ్చు. మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్‌లో డిస్క్2వీహెచ్‌డీ అనే చిన్న ఉచిత ఉపకరణం ఉంది. పాత యంత్రం నడుస్తుండగానే దాని డిస్కు మొత్తాన్ని ఒక వీహెచ్‌డీ ఫైలుగా బయటి హార్డ్‌డిస్కు మీదికి తీస్తుంది. ఆ ఫైలును, వర్చువల్ మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్‌లో కొత్త యంత్రానికి డిస్కుగా చూపిస్తే చాలు. మీ డాస్ ప్రోగ్రాం పాత యంత్రంలో నేరుగా నడుస్తోందని రాశారు కనుక అది 32 బిట్ విండోసే అయి ఉండాలి. దానిలోని డాంగిల్ డ్రైవరు కూడా 32 బిట్‌దే. ఇక్కడ అడుగున నిజమైన ఇంటెల్ ప్రాసెసర్ ఉంది కాబట్టి అనువాదం లేదు, పాత డ్రైవరు పాత కెర్నల్‌లోనే కూర్చుంటుంది, వర్చువల్‌బాక్స్ యూఎస్‌బీ మెనూలో డాంగిల్‌ను టిక్కు పెట్టి లోపలికి అప్పగిస్తే ఇన్‌పేజ్ తన పాత ఇంట్లోనే ఉన్నాననుకుంటుంది. ఇదే వీహెచ్‌డీని మ్యాక్‌లో పెడితే ప్యారలల్స్ మామూలు పద్ధతిలో నడపలేదు, యూటీఎం కుంటుకుంటూ నడుపుతుంది. ఈ తేడా కోసమే ఆ పెట్టెకు డబ్బు పెట్టమంటున్నాను.

వర్చువల్‌బాక్స్ కిటికీ అడుగున తాబేలు బొమ్మ కనిపిస్తే, విండోస్ 11లో హైపర్-వీ (విండోస్ సొంత వర్చువల్ మెషీన్ వ్యవస్థ) లేదా మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లో ఉండి దాని వేగాన్ని తగ్గిస్తోందని అర్థం. మెమరీ ఇంటెగ్రిటీ భద్రతకు సంబంధించినది, అందుచేత వేగం చాలకపోతేనే ఆపండి, చాలితే తాబేలును అలాగే ఉండనివ్వండి. లోపలి విండోస్ 7కు నెట్‌వర్కు కార్డు తీసేయండి. దానికి మద్దతు 2020 జనవరి 14తోనే ముగిసింది, ఫైళ్లు షేర్డ్ ఫోల్డరు ద్వారా ఇచ్చిపుచ్చుకుంటే చాలు. హార్డ్‌వేర్ మారింది కనుక విండోస్ 7 మళ్లీ యాక్టివేషన్ అడుగుతుంది. యంత్రంతో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్సు ఆ యంత్రానికే పరిమితం, రిటైల్ లైసెన్సైతే మార్చుకోవచ్చు, మీ దగ్గరున్నది ఏదో ముందే చూసుకోండి. కొన్ని డాంగిల్ లైసెన్సులు వర్చువల్ మెషీన్‌ను పసిగట్టి తెరుచుకోనంటాయి. అలా జరిగితే మిగిలేది ఒక్కటే: ఇన్‌పేజ్ ఒక్కదాని కోసం నాలుగో తరం ఇంటెల్ యంత్రం ఒకటి అతి చవకగా తీసుకుని, విండోస్ 7ను నేరుగా ఎక్కించి, ఇంటర్నెట్ లేకుండా ఉంచడం. ఆరో తరం నుంచి యూఎస్‌బీ అమరిక మారడంతో విండోస్ 7 ఇన్‌స్టాలర్ తెర మీద కీబోర్డు, మౌసు రెండూ పలకవు, అందుకే నాలుగో తరం అన్నాను.

మ్యాక్ ముందు కూర్చునే ఆ పెట్టెను వాడుకోవాలనుకుంటారు, సహజం. రిమోట్ డెస్క్‌టాప్‌తో అది కుదురుతుంది. మైక్రోసాఫ్ట్ ఇచ్చే విండోస్ యాప్ మ్యాక్‌లో ఉచితం, అవతల విండోస్ ప్రో ఉంటే సరిపోతుంది. అయితే దానిలో కీబోర్డు పద్ధతి యూనికోడ్, స్కాన్‌కోడ్ అని రెండు రకాలుగా ఉంటుంది. తెలుగు టైపింగు ప్యాకేజీలకు స్కాన్‌కోడే పెట్టాలి, లేకపోతే అక్షరాలు తారుమారవుతాయి. టోకెన్‌కు రిమోట్ డెస్క్‌టాప్ అసలు పనికిరాదు: ఆ సెషన్‌లో స్మార్ట్‌కార్డులను మీరు కూర్చున్న వైపు నుంచే వెతుకుతుంది, కాబట్టి పెట్టెకు గుచ్చిన టోకెన్ కళ్ల ముందే ఉన్నా లేదంటుంది. డాంగిళ్లు కూడా కొన్ని రిమోట్ సెషన్‌ను నిరాకరిస్తాయి. అందువల్ల మానిటరు రెండో ఇన్‌పుట్‌కు పెట్టెను కలిపి, కీబోర్డుకు, మౌసుకు ఒక కేవీఎం స్విచ్చి పెట్టండి. మీటతో అటూ ఇటూ మారిపోవచ్చు.

వీటన్నింటిలో మొదట చేయాల్సింది పెట్టె కొనడం కాదు, పాత యంత్రం ఇంకా ఆన్ అవుతున్నప్పుడే డిస్క్2వీహెచ్‌డీతో నకలు తీసి, ఆ ఫైలును రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల మీద ఉంచడం. ఆ తర్వాత ట్యాలీ డేటా బ్యాకప్ తీసుకుని, లైసెన్సు సరెండర్ చేయండి. డాంగిల్ మీద రాసి ఉన్న అక్షరాలు, పాత యంత్రంలోని డివైస్ మేనేజర్‌లో దాని పేరు, డ్రైవరు వెర్షను రాసి పంపితే, అది వర్చువల్‌బాక్స్‌లో నిలబడుతుందో లేదో పెట్టె కొనకముందే చాలావరకు చెప్పగలను.